దక్షిణాఫ్రికాలో మిశ్రవర్ణ శిశువులు, వారి తల్లులు

మన యిండ్లలో శిశువు జనించినప్పుడు చూడవచ్చిన ముత్తైదువలు మొట్టమొదట నడుగు ప్రశ్న "ఎవరి పోలిక?" అని. తల్లి పోలిక యని యొకరును, తండ్రి పోలిక యని యొకరును, కాదు, మేనత్త ముక్కు వచ్చినదని మఱియొకరును వేడుకగా వాదించుకొందురు. ఆ వాదము వాకిలి దాటదు. కాని యీ ప్రశ్ననే పోలీసులును, కచేరీ గుమాస్తాలును, న్యాయాధిపతులును గంభీరముగా నడిగిన దేశ మొకటి యుండెను. అచ్చట వారి నిర్ణయమును బట్టియే బిడ్డ యే పేటలో నివసింపవలెనో, ఏ బడిలో చదువవలెనో, ఏ బల్లపై కూర్చుండవలెనో, పెద్దయైన పిదప నెవరిని పెండ్లాడవచ్చునో తేలుచుండెను. ఆ దేశము దక్షిణాఫ్రికా.

1948వ సంవత్సరమున మలాన్ నాయకత్వమున నేషనల్ పార్టీ ప్రభుత్వము నెలకొన్నది మొదలు 1994 వఱకు ఆ దేశమును బాధించిన యీ విధానమునకు అపార్టైడ్ అని పేరు. వేర్పాటు అని ఆ మాటకు అర్థము. మండేలా 27 సంవత్సరముల చెఱయు, గనులలోని కూలీల కష్టములును, షార్పువిల్ కాల్పులును మన చదువరులు విన్నవే. ఆ విధానము ఇంటి గడప దాటి లోనికి వచ్చి, తల్లికిని బిడ్డకును నడుమ ఏమి చేసినదో యంతగా చర్చకు రాలేదు. రాజ్యము నిజముగా భయపడినది తుపాకికి గాదు, ఉయ్యాలకు అని మాకు తోచుచున్నది. అట్లు తోచుటకు గల కారణములను ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

మొదట పూర్వచరిత్రము. 1652లో డచ్చి తూర్పు ఇండియా కంపెనీవారు ఆఫ్రికా దక్షిణపు కొనయందు కేప్ అనుచోట విడిది నేర్పఱచిరి. అప్పటి నుండియే జాతుల కలయిక మొదలాయెను. 1664లో క్రొటోవా యను ఆ దేశపు కోయికోయి స్త్రీ, డచ్చివారికి దుబాసీగా నుండినది, కంపెనీ కొలువులోని డేనిష్ వైద్యుని క్రైస్తవ విధిని పెండ్లాడెను. పిమ్మట కంపెనీవారు మడగాస్కరు నుండియు, జావా మొదలగు ద్వీపముల నుండియు, వంగదేశము, మలబారు, కోరమాండల్ తీరముల నుండియు బానిసలను కొనితెచ్చిరి. మన మచిలీపట్టణమునందును భీమునిపట్టణమునందును వర్తకశాలలు నిలిపిన కంపెనీయే కేప్‌నకును ప్రభువు. కావున నేడు అచ్చట కలర్డ్ అనబడు మిశ్రవర్ణుల రక్తములో మన తూర్పుతీరపు రక్తమును గలదు. 1685లో కంపెనీ యధికారి యొకడు, తండ్రి ఐరోపావాడు కాని బానిస స్త్రీలను తెల్లవారు వివాహమాడరాదని యాజ్ఞాపించెను. నిషేధము పుట్టకముందే కలయిక జరిగినదనుటకు ఈ యాజ్ఞయే సాక్ష్యము. తరువాత శుద్ధరక్తమును గూర్చి యుపన్యసించిన ప్రభువులలో ననేకుల వంశవృక్షములందు ఇట్టి ముత్తవ్వలు లేకపోలేదు.

ఇక శాసనములు. 1927 నాటి ఇమ్మొరాలిటీ చట్టము తెల్లవారికిని ఆఫ్రికనులకును వివాహబాహ్యమైన పొందు నేరమనెను. 1949లో మిశ్రవివాహ నిషేధ చట్టము వచ్చి తెల్లవారికిని తక్కిన జాతులన్నిటికిని పెండ్లి లేకుండజేసెను. 1950లో పూర్వపు ఇమ్మొరాలిటీ చట్టము తెల్లవారు కాని యందఱికిని విస్తరింపబడెను. 1957లో శిక్ష యేడేండ్ల వఱకు పెంపబడెను. ఇట్లు పెండ్లాడిన నొక నేరము, పెండ్లాడక కూడిన మఱియొక నేరము. ఆ కూడికకు బిడ్డ పుట్టెనేని ఆ బిడ్డయే దోషమునకు సాక్ష్యము.

1950లోనే జనులను జాతులవారీగా పట్టీ కెక్కించు చట్టమును వచ్చెను. తెల్లవారు, నేటివులు, కలర్డులు అని మొదట మూడు తరగతులు. తరువాత ఇండియనులు నాలుగవ తరగతియైరి. తెల్లవాడన నెవడు? చూపునకు తెల్లవాడుగా నగపడువాడు, లేదా లోకులచే తెల్లవాడుగా నంగీకరింపబడువాడు. కలర్డ్ అన నెవడు? తెల్లవాడును గాక, నేటివును గానివాడు. ఈ నిర్వచనమును చదువరులు గమనింతురు గాక. లక్షలాది మనుష్యులను చట్టము 'కాదు, కాదు' అను రెండు మాటలతోనే నిర్వచించినది. వారేమైయున్నారో చెప్పుటకు దానికి మాట దొరకలేదు. సందేహము కలిగినచో గుమాస్తాలు ముక్కును, పెదవులను, గోళ్లను పరిశీలించెడివారు. తలవెండ్రుకలలో పెన్సిలు గ్రుచ్చి, అది జాఱిపడిన నొక జాతి, నిలిచిన వేఱొక జాతి యని తీర్పు చెప్పుటయు కలదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ఇట్టి పరీక్షలలో వేఱువేఱు జాతులవారై, వేఱువేఱు పేటలకు పోవలసివచ్చెను.

ఈ గీతలు మనవారిని గూడ తాకినవి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ మద్రాసు నుండి బయలుదేఱి డర్బన్ రేవును చేరెను. అది మొదలు అర్ధశతాబ్దము పాటు నేటాలు చెఱకుతోటలకు కూలిపనికై పోయినవారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాడు జిల్లాల తెలుగువారు వేలకొలది గలరు. 1931లో వారి సంతతివారు అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. వీరి తల్లులకు తగిలిన దెబ్బ యొకటి కలదు. 1913 మార్చి నెలలో కేప్ న్యాయస్థానమున సెర్ల్ అను న్యాయాధిపతి, క్రైస్తవ విధిని గాక వేఱు విధిని జరిగిన వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ఆ యొక్క తీర్పుతో వేలకొలది యిల్లాండ్రు ఉంపుడుకత్తెలైరి; వారి బిడ్డలు అక్రమ సంతానమైరి. అంతవఱకు సత్యాగ్రహమునకు దూరముగా నుంచబడిన స్త్రీలు కస్తూరిబాయితో గూడ ఆ సంవత్సరమే చెఱసాలలకు నడచిరి. 1914లో ప్రభుత్వము దిగివచ్చి ఆ వివాహములను గుర్తించెను. తల్లి గౌరవమునకు భంగము కలిగినప్పుడు వంటయింటి స్త్రీ వీథికి వచ్చునని ఆ దేశము మనవారి వలనను నేర్చినది.

మిశ్రవర్ణ శిశువుల జీవితములను మూడింటిని ఇచ్చట నొకదాని ప్రక్క నొకటి యుంచి చూపుదుము. మొదటిది బెస్సీ హెడ్ అను రచయిత్రి జీవితము. 1893లో గాంధీని రైలు నుండి త్రోసివేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ పట్టణముననే, 1937లో ఈమె పుట్టెను. పుట్టినది పిచ్చాసుపత్రిలో. తల్లి తెల్లజాతి స్త్రీ. తండ్రి నల్లవాడు, అతని పేరు ఎన్నడును తెలియలేదు. పుట్టిన బిడ్డను మొదట నొక తెల్లకుటుంబమునకు పెంపున కిచ్చిరి. బిడ్డ చాయ చూచి వారు తిరిగి యిచ్చివేసిరి. పిమ్మట నొక మిశ్రవర్ణ కుటుంబము పెంచెను. పెంచిన తల్లియే కన్నతల్లి యని నమ్మి పెరిగిన యా బాలికకు, డర్బన్‌లోని మిషను బడిలో చదువుచుండగా ఆ నమ్మకము తప్పని తెలియజేయబడెను. కన్నతల్లి 1943లోనే మరణించియుండెను. ఆ తల్లి బిడ్డకు ఇచ్చిపోగలిగినది తన పేరొక్కటియే. బెస్సీ 1964లో తిరిగి రానని యొప్పుకొని దేశము విడిచి బోట్స్వానాకు పోయి, అచ్చటనే గొప్ప నవలలు వ్రాసి, 1986లో మరణించెను. తల్లి మాట వినుటకే నోచుకొనని బిడ్డ కథ యిది.

రెండవది సాండ్రా లెయింగ్ అను స్త్రీ కథ. ఈమె 1955లో జనించెను. తల్లిదండ్రులిరువురును పట్టీలో తెల్లవారే. వేర్పాటు విధానమును మెచ్చినవారే. పూర్వుల రక్తమెప్పటిదో పైకి వచ్చి బాలిక చామనచాయతో, ఉంగరాల జుట్టుతో పుట్టెను. పీట్ రెటీఫ్ అనుచోట తెల్లపిల్లల వసతిబడిలో చదువుచుండగా తక్కిన పిల్లల తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పిరి. 1966లో, పదియేండ్ల పిల్లను, పోలీసులు బడి నుండి తీసికొనిపోయి యింట దిగవిడిచిరి. ఆమె కలర్డ్ అని ప్రభుత్వము తీర్పు చెప్పెను. తండ్రి న్యాయస్థానముల చుట్టు తిరిగెను. 1967లో చట్టమే మార్చబడి, తెల్లవారి సంతానము తెల్లవారే యని వచ్చుటచే ఆమె మరల తెల్లది యాయెను. కాగితము మాఱినది గాని లోకము మాఱలేదు. తెల్లపిల్ల లెవ్వరును ఆమెతో నాడుటకు రాలేదు. పదునైదేండ్ల ప్రాయమున ఆమె యొక నల్లవానితో స్వాజీలాండునకు పోయెను. తండ్రి కూతురిని విడనాడెను. తరువాత తన బిడ్డలతో నొక యింట నుండుటకై ఆమెయే తన్ను కలర్డుగా వ్రాయుడని అర్జీ పెట్టుకొనవలసివచ్చెను. కన్నతల్లిని ఆమె మరల చూచినది 2000వ సంవత్సరమున, ఒక వృద్ధుల ఆశ్రమములో. మరుసటి యేటనే ఆ తల్లి మరణించెను.

ఈ తల్లిని నిందించుట సులభము. మే మా పని చేయము. బిడ్డ తెల్లదని నిరూపించుటకు ఆ యింటివారు వ్యయపఱచిన శ్రమ తక్కువ గాదు. కాని ఆ శ్రమయంతయు గీతకు ఈవలి ప్రక్క నుండుటకే గాని, గీతయే తప్పని చెప్పుటకు గాదు. ఇంటివారు చట్టమును నమ్మినంత కాలము, చట్టము వారి బిడ్డను విడువలేదు. ఆ చట్టమును నమ్మని తల్లి యొకతె యుండినచో ఏమగునో మూడవ కథ వలన తెలియగలదు.

ఆ కథకు వచ్చుటకు ముందు ఆ తల్లికి ముందరి తరము స్త్రీలను స్మరింపవలెను. నల్లజాతి పురుషులు పట్టణములలో తిరుగుటకు పాసుపుస్తకము దగ్గఱ నుంచుకొనవలెను. దానిని స్త్రీలకును విధింప ప్రభుత్వము పూనుకొనెను. 1956 ఆగస్టు 9వ తేదీన సుమారు 20,000 మంది స్త్రీలు ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనములకు నడచిపోయిరి. లిలియన్ ఎన్గోయి నల్లజాతి స్త్రీ, హెలెన్ జోసెఫ్ తెల్లజాతి స్త్రీ, రహిమా మూసా భారత సంతతి స్త్రీ, సోఫియా విలియమ్స్ మిశ్రవర్ణ స్త్రీ. ఈ నలుగురును ముందు నడచిరి. చంకను, వీపునను బిడ్డల నెత్తుకొని వచ్చినవారును గలరు. అర్జీల కట్టలను ప్రధానమంత్రి గది వాకిట విడిచి, అరగంటసేపు ఒక్కమాటయు లేక నిలిచిరి. ప్రభుత్వము వేఱుచేసిన నాలుగు జాతులు ఆ మెట్లమీద నొకచోట నిలిచెను. పాసుచట్టము నాడు ఆగలేదు. కాని స్త్రీలలో నొక మార్గము మిగిలెను.

ఇక ట్రెవర్ నోవా తల్లి. ట్రెవర్ నోవా నేడు ప్రపంచమెల్ల నెఱిగిన హాస్యప్రసంగకర్త; 2015 మొదలు 2022 వఱకు అమెరికాలో నొక ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమమును నడపినవాడు. అతడు 1984 ఫిబ్రవరి 20వ తేదీన జోహాన్నెస్‌బర్గ్ నగరమున జనించెను. తల్లి ఖోసా జాతి నల్లస్త్రీ. తండ్రి స్విట్జర్లాండు దేశపు తెల్లవాడు. కలయికను నేరమనిన చట్టము 1985లో గాని రద్దు కాలేదు. కావున ఇతడు అక్షరాల నేరముగా పుట్టినవాడు. 2016లో ప్రకటించిన తన బాల్యచరిత్రకు ఆ యర్థము వచ్చు పేరే పెట్టెను. ఇచ్చట మేము చెప్పునది ముఖ్యముగా ఆ గ్రంథము వలన తెలిసినదే.

తల్లి పేరు ప్యాట్రీసియా నొంబుయిసెలో. ఆ రెండవ పేరునకు 'తిరిగి యిచ్చునది' అని యర్థము. బాల్యమున కొంతకాలము పల్లెలో బంధువుల యింట, పలువురు పిల్లలతో నొక గుడిసెలో పెరిగి, పొలము దున్నినది. నల్లజాతి యువతికి ఫ్యాక్టరీ కూలియో, తెల్లవారి యింట దాసీపనియో తప్ప వేఱు దారి లేని కాలమున టైపు నేర్చుకొని, ఒక కంపెనీలో కార్యదర్శి యుద్యోగము సంపాదించెను. నల్లవారు రాత్రులు నగరమున నుండరాదు. ఆమె యుండెను. హిల్‌బ్రో యను తెల్లవారి పేటలో, వేఱొకరి పేర తీసికొన్న గదిలో, పనిమనిషి యుడుపులు ధరించి, యజమానురాలి యింటికి పోవుచున్నట్లు మెట్లెక్కి తన యింటికి పోయెడిది. పట్టువడినప్పుడు అపరాధ రుసుము కట్టెడిది, లేదా చెఱసాలలో నుండి వచ్చెడిది. వచ్చి మరల ఆ గదికే పోయెడిది.

బిడ్డ కావలెనని కోరుకొన్నది ఆమెయే. బిడ్డ పుట్టిన తరువాత సంసారము కాపురమువలె గాక దొంగతనమువలె నడచెను. జననపత్రములో తండ్రి పేరు లేదు. తోటలో విహరించునప్పుడు తండ్రి వేఱుగా నడువవలెను. ఒకసారి బాలుడు నాన్నా యని పిలుచుచు వెంట పరుగిడగా, చూచువారు పసిగట్టుదురను భయముచే తండ్రి పాఱిపోవలసివచ్చెను. వీథిలో పోవునప్పుడు చాయ కలిసిన మిశ్రవర్ణ స్త్రీ యొకతె బాలుని చేయి పట్టుకొని తల్లివలె నడచుచుండగా, కన్నతల్లి వెనుక దాసివలె నడచెడిది. సొవెటోలోని అమ్మమ్మ యింట, పోలీసులు ఎత్తుకొనిపోదురను భయమున, తక్కిన పిల్లలు వీథిలో నాడుచుండ ఇతనిని లోపలనే యుంచెడివారు. యశోద కృష్ణుని ఱోటికి కట్టినది అల్లరికి. ఈ యమ్మమ్మ మనుమని యింట మూసినది రాజభయమునకు.

ఇట్టి బాలుడు భయస్థుడు కావలసినదే. కాలేదు. ఏల కాలేదన, తల్లి యతనికి భయము నేర్పలేదు. ఆమె చేసిన పనులు వీరకార్యములు గావు. ప్రతి గృహిణికిని సాధ్యమైనవే. ఖోసావారు బిడ్డల పేరులలో నొక యర్థమును, నొక విధిని ఇముడ్తురు. ఆమె యే యర్థమును లేని పేరు పెట్టెను. వాడేమి కావలెనో వాడే నిశ్చయించుకొనవలెనని ఆమె తలంపు. ఇంగ్లీషు నేర్పెను, ఇంట ఖోసా మాటలాడెను, జూలూ, సోతో మొదలగు భాషలు చుట్టుపట్ల నుండి వచ్చెను. పలుభాషలు వచ్చిన పిల్లవానిని ఏ జాతివారును పరాయివాడని త్రోసివేయలేకపోయిరి. చాయను చూచి దోచుకొన వచ్చిన కుఱ్ఱవాండ్రు తమ జూలూ భాషనే విని తమవాడనుకొనిన సందర్భమును గలదు. పాతబట్టలు కట్టించి, దొరికిన కూడు పెట్టి, మిగిలిన డబ్బుతో పుస్తకములు తెచ్చెను. నల్లబిడ్డలు పోరాని చోటులకు, చట్టము సడలుచున్నదో లేదో విచారింపకయే తీసికొనిపోయెను. పేదపేట బిడ్డకు ఇవన్నియు నెందులకని యిరుగుపొరుగువారు నవ్వెడివారు. స్వాతంత్ర్యము వచ్చు నాటికి దానిని వాడుకొనగల మనుష్యులు ముందే పెరిగియుండవలెను గదా!

ఆమె చేసినదంతయు అనుకరింపదగినదని మే మనము. బిడ్డను కఠినముగా కొట్టి దిద్దుట ఆమె పద్ధతి. దానిని మేము సమ్మతింపము. కాని పోలీసుల చేతి దెబ్బ తినకుండుటకు తన చేతి దెబ్బయే మేలని తలంచిన తల్లుల దేశమది. ఆ కాఠిన్యములోను రాజ్యము పాలు కలదు.

1985లో మిశ్రవివాహములపై నిషేధము తొలగెను. 1991లో జాతిపట్టీ చట్టము రద్దయ్యెను. 1994 ఏప్రిలు 27వ తేదీన సర్వజనులును ఓటు వేసిరి. ఇంతటితో కథ ముగిసినదని తలంతుమేని పొరపడుదుము. రాజ్యమునకు వెఱవని యీ తల్లి, తరువాత తాను వరించి పెండ్లాడిన భర్త చేత ఇంటిలో దెబ్బలు తినెను. పోలీసుఠాణాకు పోయినప్పుడు, ఇది మగని యింటి వ్యవహారమని యచ్చటి వారు ఫిర్యాదు వ్రాసికొనలేదు. ఆమె యతనిని విడిచిపోయిన పిదప, 2009లో, అతడు ఆమెను తుపాకితో తలపై కాల్చెను. ఆమె బ్రతికెను. అతడు నేర మొప్పుకొనియు చెఱసాలకు పోలేదు. తెల్లవారి చట్టము పోయిన తరువాతను పురుషుని చట్టము పోలేదు. వీథిలోని గీతలు చెఱిపివేయబడినను ఇంటిలోని గీత మిగిలియుండెను.

ఇందుండి మేము రెండు మాటలు గ్రహించుచున్నాము. మొదటిది: తల్లి ధైర్యమును పొగడి రాజ్యపు దోషమును మఱువరాదు. నోవా యింకొక యిరువది యేండ్లు ముందు పుట్టియుండినచో, ఎంతటి తల్లియున్నను సాండ్రావలెనో బెస్సీవలెనో కావలసివచ్చెడిదేమో. శాసనములు మాఱి తీరవలెను. రెండవది: శాసనములు మాఱుట చాలదు. 1949వ సంవత్సరమున రెండు దేశములలో రెండు చట్టములు పుట్టినవి. దక్షిణాఫ్రికాలో జాత్యంతర వివాహము చెల్లదను చట్టము. ఆ యేడాదియే మన దేశమున, వేఱువేఱు కులముల హిందువుల వివాహము ఆ కారణమున చెల్లకపోదను చట్టము. వారి చట్టము 36 ఏండ్లకు చచ్చినది. మన చట్టము 1955లో వేఱొక చట్టముచే తొలగింపబడినది. కాని దాని సారము తరువాతి చట్టములలో నిలిచినది. అయినను, కులము కాని కులమున పెండ్లాడిన పిల్లలను స్వజనులే వధించిన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను వినబడుచునే యున్నవి. అచ్చట పెన్సిలు పట్టి పోలీసు చేసిన పనిని ఇచ్చట పోలీసు అక్కఱలేకయే, ఇంటి పేరడిగి, ఊరి పేరడిగి, మనమే చేయుచున్నాము.

వర్ణసంకరము వలన లోకము చెడునని మన పెద్దలు భయపడిరి. దక్షిణాఫ్రికాలో లోకమును చెఱచినది సంకరము గాదు, సంకరమునకు వెఱచినవారి చట్టము. ఆ చట్టము తేల్చలేని బిడ్డను ఒక టైపు గుమాస్తా, పనిమనిషి యుడుపులలో, తన చేతులతో పెంచెను. రేపు మన యింటికి కోడలో అల్లుడో వేఱు కులము నుండి వచ్చి, వారి బిడ్డ మన చేతులలోనికి వచ్చిన దినమున మన మేమి చేయుదుమో, దానిని బట్టియే మన సంస్కరణము నిజమో కాదో తేలును. ఆ బిడ్డ యే కులము క్రింద వచ్చునను ప్రశ్నకు మన నోట సమాధానము లేకుండుటయే మంచిది.